సూది వేసేముందు షుగర్ చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

వారం నుంచి మీ జిల్లా పేజీలో వైరల్ జ్వరాలు, ఫ్లూ గురించే వార్తలు, మంచిదే, కానీ హాస్పిటల్లో పడ్డవాళ్ళకి వైరస్ వెనకాలే వచ్చే ఫంగస్ గురించి ఒక్క ముక్క లేదు. 2021లో కోవిడ్ వెనకాలే వచ్చిన బ్లాక్ ఫంగస్‌తో అంత గోల జరిగాక కూడా ఇలా మర్చిపోతే ఎలా సార్.

ఆ మే నెలలో తెలంగాణలో బ్లాక్ ఫంగస్‌ని నోటిఫై చేసి, అంటే ప్రతి కేసూ ప్రభుత్వానికి చెప్పి తీరాలని పెట్టి, కోఠి ఈఎన్‌టీ హాస్పిటల్‌ని దానికి పెట్టారు, ఆంధ్రాలో ఆరోగ్యశ్రీలో కలిపారు, జూన్ ఆఖరికి దేశం మొత్తమ్మీద 40,845 కేసులు, 3,129 మంది పోయారని కేంద్రమే చెప్పింది. దానికి వాడే యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు దొరక్క జనం వాట్సాప్ గ్రూపుల్లో చీటీల ఫొటోలు పెట్టి బతిమాలుకున్నారు. మిగతా వాళ్ళేమో ఫ్రిజ్‌లో ఉల్లిపాయ మీద నలుపు బ్లాక్ ఫంగసా కాదా అని కొట్టుకున్నారు! అసలు బ్లాక్ ఫంగస్ తెచ్చే బూజు మట్టిలో, గాలిలో ఎప్పుడూ ఉండేదే, రోజూ పీలుస్తూనే ఉంటాం, షుగర్ అదుపు తప్పి ఉన్న ఒంట్లో పైనుంచి స్టెరాయిడ్ పడితే అప్పుడు పట్టుకుంటుంది. ఆ కేసుల్లో 64 శాతం మందికి షుగర్ ఉంది, సగానికి పైగా స్టెరాయిడ్ వాడినవాళ్ళే.

మా బాబాయి కోవిడ్ తగ్గి ఇంటికొచ్చాక పై పళ్ళు కదుల్తున్నాయన్నాడు, ఒక పక్క చెంప మొద్దుబారింది. పళ్ళ డాక్టర్ టార్చ్ వేసి చూసి, అంగిట్లో నల్ల మచ్చ కనబడగానే బ్లాక్ ఫంగసేమోనని పన్ను ముట్టుకోకుండా ఈఎన్‌టీకి పంపేశాడు, పుణ్యాత్ముడు. పై దవడ సగం తీసేశారు గానీ కన్ను దక్కింది. డిశ్చార్జ్ కాగితంలో స్టెరాయిడ్ పేరుంది, ఎన్ని రోజులిచ్చారు, షుగర్ ఎంతుంది అనేది ఎక్కడా లేదు.

స్టెరాయిడ్ చెడ్డదని కాదండీ నేననేది. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే ట్రయల్‌లో రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ (డెక్సా అనే స్టెరాయిడ్ ఇదే), మహా అయితే 10 రోజులు ఇస్తే, ఆక్సిజన్ మీద ఉన్న కోవిడ్ పేషెంట్లలో చావులు తగ్గాయి, ఆక్సిజన్ అక్కర్లేని వాళ్ళకి లాభం కనబడలేదు. మన ఊళ్ళల్లో ఉత్త దగ్గుకీ జ్వరానికీ కూడా డెక్సా సూది పొడిచేస్తున్నారు, షుగర్ ఉందా అని అడిగే దిక్కులేదు.

ఇది కోవిడ్‌తో పోయిన గొడవ కూడా కాదు. ఫ్లూ ముదిరి ఐసీయూలో ఉన్నవాళ్ళలో కొందరికి ఆస్పర్జిల్లస్ అని ఇంకో ఫంగస్ ఊపిరితిత్తుల్లో చేరుతుంది, షుగర్ లేనివాళ్ళకి కూడా, ఎక్స్‌రేలో చూస్తే న్యుమోనియాలాగే ఉంటుంది కాబట్టి యాంటీబయాటిక్స్ మారుస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా అయిపోతుంది. ఊపిరితిత్తుల్లోకి గొట్టం వేసి శాంపిల్ తీసి ఈ ఫంగస్ ఆనవాలు పట్టే గాలక్టోమానన్ టెస్ట్ చేస్తే చాలావరకు బయటపడుతుంది, మందూ ఉంది. ఈ టెస్ట్ మన జిల్లా హాస్పిటళ్ళలో ఎక్కడెక్కడ చేస్తున్నారో మీ రిపోర్టర్లతో కనుక్కుని వేయించండి, డిశ్చార్జ్ కాగితంలో స్టెరాయిడ్ డోసు, రోజులు, షుగర్ రీడింగులు రాసి తీరాలని జిల్లా వైద్యాధికారి డీఎంహెచ్‌ఓ గార్ని కూడా ఒకసారి అడగండి.

ఇట్లు,
మీ పాఠకుడు