చింతపల్లి సంతలో కలిసిన పెద్దాయనకి

పేరు అడగలేదు, తప్పు నాదే. డిసెంబరులో సంత రోజున చింతపల్లిలో వైజాగ్ బస్సు తప్పిపోయి బిక్కమొహం వేసుకుని నిలబడ్డ నన్ను "రా బాబూ, టీ తాగు, ఇంకో బస్సు రాదా ఏటి" అని పక్కన కూర్చోబెట్టుకున్న ఆకుపచ్చ మఫ్లర్ పెద్దాయనా, మీకు చాలా థ్యాంక్స్ అండి.

నిజానికి నేను లంబసింగి మంచు ఫొటోల కోసం వచ్చినవాణ్ణి. చింతపల్లి అంటే టిఫిన్ చేసి పోయే ఊరనుకున్నా. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు మొదట కొట్టింది ఈ ఊరి పోలీస్ స్టేషన్నే, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి, ఇదంతా స్కూల్లో చదివే ఉంటాను గానీ మార్కులతో పాటే పోయింది. నేను కునుకు తీస్తూ ఎక్కొచ్చిన ఆ నర్సీపట్నం రోడ్డు పనికే మన్యం వాళ్లని కూలి సరిగ్గా ఇవ్వకుండా చాకిరీ చేయించారని, పోడు కొట్టుకోనివ్వని 1882 అటవీ చట్టం మంట అప్పటికే ఉందని మీరు చెప్తుంటే టీ చల్లారిపోయింది.

మధ్యలో సంచిలోంచి మిరియం గింజ తీసి గోటితో చిదిమి వాసన చూపించారు చూడండి, ఆ ఘాటు బస్సెక్కాక కూడా వేళ్లకి పోలేదు.

టీ డబ్బులు కూడా ఇవ్వనివ్వలేదు మీరు. పైగా కిలో రాజ్మా కొనిపించి, బేరం కూడా మీరే ఆడారు! మా అమ్మ మళ్లీ ఎప్పుడెళ్తావని అడుగుతోంది, రాజ్మా కోసమేలెండి.