బీఎంఎక్స్ ట్రాక్ కొత్తవాళ్లకీ పనికిరావాలి

సంపాదకుడు గారికి,

మీ క్రీడల పేజీలో బీఎంఎక్స్ (చిన్న చక్రాల సైకిళ్ల ఆట) అనగానే సైకిల్‌తో సహా గాల్లో తలకిందులైన కుర్రాడి ఫోటో వేస్తారు. అది ఫ్రీస్టైల్, అంటే విన్యాసాల పోటీ అండీ, రేసింగ్ వేరు. రేసింగ్‌లో గరిష్ఠంగా ఎనిమిది మంది గుట్ట మీద చక్రాలకి అడ్డంగా ఉండే ఒకే గేటు పడగానే కిందకి దిగి, 300-400 మీటర్ల ఎత్తుపల్లాల ట్రాక్ చుట్టి గీత దాటాలి, అంతా అరనిమిషం, నలభై సెకన్లలో అయిపోతుంది. ఆ ఫోటోలు చూసి తల్లిదండ్రులు హడలిపోతున్నారు, పిల్లలేమో వచ్చిన మొదటి రోజే ఎగరాలంటున్నారు.

నేను రాసేది మాత్రం ట్రాక్‌లు కట్టేవాళ్ల గురించి. 2008 బీజింగ్ నుంచి ఇది ఒలింపిక్స్‌లో ఉంది కాబట్టి ఎక్కడ కొత్త ట్రాక్ మాట వచ్చినా ‘ఒలింపిక్ స్థాయి’ అనేస్తారు. ఒలింపిక్స్‌లో స్టార్టింగ్ హిల్, అంటే రేసు మొదలయ్యే గుట్ట, 8 మీటర్ల ఎత్తు ఉంటుంది, దాని మీద నుంచి కొత్త పిల్లాణ్ని ఎవరు దింపుతారు? వాడికి కావాల్సింది చిన్న గుట్ట, నున్నటి రోలర్లు (గుండ్రటి చిన్న దిబ్బలు), రెండు దిబ్బల మధ్య ఖాళీ లేకుండా మట్టితో నింపేసిన టేబుల్‌టాప్‌లు. అలా నింపి ఉంటే, ఎగరడం చాలకపోయినా చక్రం పైనుంచి దొర్లుకుంటూ పోతుంది, ఖాళీ ఉంటే ముందు చక్రం ఎదుటి దిబ్బకి కొట్టుకుంటుంది.

నిజానికి మొదట్లో నేర్చుకోవాల్సింది ఎగరడం కాదు, పంపింగ్. సీటు మీంచి లేచి, పెడల్స్ రెండూ ఒకే ఎత్తులో ఉంచి, మోచేతులూ మోకాళ్లూ వదులుగా వంచి, దిబ్బ ఎక్కేటప్పుడు ఒళ్లు తేలిక చేసి దిగేటప్పుడు సైకిల్‌ని కిందకి నొక్కడం. ఇది పట్టుబడితే పెడల్ తొక్కకుండానే వేగం వస్తుంది, చక్రాలు నేల వదలక్కర్లేదు. తర్వాత గేటు. రెండు కాళ్లూ పెడల్స్ మీదే పెట్టి, ముందు చక్రం గేటుకి ఆనించి నిలబడటమే కొత్తవాళ్లకి పెద్ద టెన్షన్, పైగా స్టార్ట్ లైట్లు ఎప్పుడు వెలుగుతాయో ముందే ఊహించకుండా ఉండేందుకు ప్రతిసారీ గ్యాప్ మారుతుంది. పక్కన పోటీపడేవాళ్లు లేకుండా, ఎవరో ఒకరు సీటు పట్టుకుని మళ్లీ మళ్లీ చేయిస్తేనే ఇది వస్తుంది. అందుకే కొత్తవాళ్లకంటూ విడిగా ప్రాక్టీస్ సమయం ఉండాలి.

ఇంకోటి, సైకిళ్లు. ఎదిగే పిల్లాడు కదా అని పెద్ద సైజు కొంటారు, వాడికి హ్యాండిల్ అందదు, పాపం. అసలు కొనకముందే ట్రాక్ దగ్గర షెడ్‌లో రకరకాల సైజులు పెట్టి అరువిస్తే సగం గొడవ పోతుంది. గేర్లు అక్కర్లేదు, వెనక బ్రేకు చాలు, స్టాండు తీసేయాలి, హ్యాండిల్ చివర్లు గ్రిప్‌తో మూసి ఉండాలి, అంతే. గడ్డం దాకా కప్పే ఫుల్‌ఫేస్ హెల్మెట్లు మాత్రం లెక్క రాసి జాగ్రత్తగా పెట్టాలి. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి ఫోమ్ నలిగిపోయి ఉండొచ్చు, దాన్ని మళ్లీ ఇంకో పిల్లాడి తలకి పెట్టకూడదు. ఎవరో దానమిచ్చిన పాతదైతే అసలే వద్దు.

డబ్బెక్కడిది అంటారా? 2021లో టోక్యోలో స్వర్ణం గెలిచిన బ్రిటన్ రేసర్ బెత్ ష్రీవర్ కూడా అంతకుముందు ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేసుకోవాల్సి వచ్చింది. ఆ స్థాయి వాళ్లకే ఆ పరిస్థితి వచ్చిందంటే, ఇంకా గేటు ముఖమే చూడని పిల్లల గురించి ఎవరు అడుగుతారు? స్టార్టింగ్ హిల్‌ని కాస్త తగ్గించి, మిగిలిన డబ్బుతో ఆ షెడ్ నింపండి.

మీరు కూడా రేసు ఫలితాలు వేసినప్పుడు పక్కనే కొత్తవాళ్ల ప్రాక్టీస్ ఏ రోజు, సైకిల్ అరువిస్తారా లేదా అన్న రెండు లైన్లు వేయండి. ఫోటోకి చోటు తక్కువైతే తక్కువైంది.

ఇట్లు,
పిల్లలకి గేటు ప్రాక్టీస్ చేయించే ఒక పాఠకుడు