సమాధి కాదనలేదనేనా ఈ మొక్కులు?

సంపాదకులు గారికి నమస్కారం.

మా రాయలసీమలో ఎన్నికలు దగ్గరపడ్డాయంటే నాయకుల కార్లు దర్గాలకూ మఠాలకూ బారులు తీరతాయి. గెలిచాక మళ్లీ వస్తారు. పదవి ఊగిసలాడుతుంటే ఇంకోసారి వస్తారు. కడప పెద్దదర్గా, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం, పుట్టపర్తిలో సత్యసాయి మహాసమాధి, ఎక్కడ చూసినా ఇదే వరస. ఇందులో ఏ ఒక్క పార్టీనో వేలెత్తి చూపడానికి లేదు, అందరూ చేస్తున్నదే. వాళ్లు మొక్కుకోకూడదని నేననడం లేదు. నేనూ మంత్రాలయం వెళ్లి వరసలో నిలబడి దణ్ణం పెట్టుకునేదాన్నే. నా బాధల్లా, లోపల చాదర్ కప్పో హారతి కళ్లకద్దుకునో బయటికొచ్చి, మైకుల ముందు నిలబడి ‘ఆ మహనీయుడి ఆశీస్సులు మాకే ఉన్నాయి’ అని ప్రకటించడం గురించే. ఆ సంగతి వాళ్లకు ఎవరు చెప్పారు?

బతికున్న గురువు దగ్గర ఇలా కుదరదు. ఢిల్లీలో సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా ఉన్న రోజుల్లో ఖిల్జీ సుల్తాను చూడ్డానికి వస్తానని కబురు పెడితే, నా ఇంటికి రెండు వాకిళ్లున్నాయి, సుల్తాను ఒకదాంట్లోంచి వస్తే నేను రెండోదాంట్లోంచి వెళ్లిపోతానని జవాబిచ్చాడంటారు. మన దక్కనులో కలబురగి సూఫీ గురువు బందేనవాజ్‌కూ సుల్తాను ఫిరోజ్‌షా బహమనీకీ పొసగలేదు. తనను పిలిచి ఆదరించిన ఆ సుల్తానును కాదని, బందేనవాజ్ అతని తమ్ముడి వైపు మొగ్గాడు. గురువుకు నోరుంటే పాలకుడికి ఆ భయం ఉంటుంది. సమాధి ముందు ఆ భయం లేదు. అజ్మీర్ దర్గాలో సమాధి ఉన్న సూఫీ గురువు ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ కన్నుమూసింది 1236లో. మూడు వందల ఏళ్లు దాటాక, 1568లో, అక్బర్ చిత్తోడ్ కోట గెలిచి, లోపలున్న వేలమందిని చంపించి, మొక్కు తీర్చుకోవడానికి కాలినడకన అజ్మీర్ బయలుదేరాడు. ఆ గెలుపును చాటే ఫత్‌నామా కూడా అజ్మీర్ నుంచే వెలువడింది. పేదల పెన్నిధి అని, గరీబ్ నవాజ్ అని జనం పిలుచుకునే ఆ ఖ్వాజా ఆనాడు బతికుంటే ఆ మొక్కు పుచ్చుకునేవాడా? నాకు నమ్మకం లేదు. కానీ కాదనడానికి ఆయన లేడు. ఇవాళ్టికీ ఉరుసు వచ్చిందంటే అజ్మీర్‌కు ప్రధాని పేరు మీద చాదర్ వెళ్తుంది, ఆ ఫొటో అన్ని పేపర్లలో వస్తుంది.

పుట్టపర్తి సంగతికొస్తే నాకు మరీ కష్టంగా ఉంటుంది. సత్యసాయిబాబా మహిమల మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. కానీ 1990ల్లో మా ఉమ్మడి అనంతపురం జిల్లాలో 700కు పైగా ఊళ్లకు ఆయన ట్రస్టు మంచినీళ్లు తెచ్చింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయిన పిల్లల్ని చూసినవాళ్లకు ఆ పని విలువ తెలుసు. తర్వాత ఆ పథకం ప్రభుత్వం చేతికి వచ్చింది. 2022లో ఆ జిల్లాను విడదీసి, మా కొత్త జిల్లాకే ఆయన పేరు పెట్టారు. 2025 నవంబరులో శతజయంతికి ప్రధానీ ముఖ్యమంత్రీ వచ్చి మహాసమాధికి నమస్కరించారు. అదే పథకంలో పంపులు నడిపే కార్మికులు మాత్రం జీతాల బకాయిల కోసం ఒకసారి కాదు, పలుమార్లు సమ్మెకు దిగాల్సి వచ్చింది. సమ్మె జరిగినప్పుడల్లా బిందెలు పట్టుకుని తిరిగేది ఆడవాళ్లే. ఆయన మీద గౌరవం చూపించాలనుకుంటే నాయకులకు చేతినిండా పని ఇక్కడే ఉంది కదా!

చట్టం లేక కాదు. మతం పేరు చెప్పి ఓటడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం అవినీతి చర్య. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. మత స్థలాలను రాజకీయానికి వాడకూడదని 1988లోనే వేరే చట్టం వచ్చింది. అయితే నోరు తెరిచి ఓటడగనక్కర్లేదు, సమాధి ముందు వంగిన ఫొటో ఒక్కటి చాలు, ఓటరుకు అర్థమైపోతుంది. అందుకే చట్టానికి చిక్కడం లేదు.

దర్గా పెద్దలకూ మఠాల వారికీ ఒక మాట చెప్పాలి. నాయకుడొస్తే వరస ఆపేసి, పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ తల్లుల్ని పక్కకు తోసి, ప్రత్యేకంగా తలపాగా చుట్టి పంపించేది మీరే. కెమెరాలను గేటు బయటే ఆపండి. ఆవరణలో మైకులు పెట్టనివ్వకండి. నాయకుణ్ణి మామూలు భక్తుడిలా వరసలో రమ్మనండి. నిజంగా భక్తి ఉన్నవాడికి అందులో ఇబ్బందేమీ ఉండదు.

మీ పత్రికకు కూడా నాదొక విన్నపం. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక ఇలాంటి ఫొటోలు మొదటి పేజీలో వేయకండి. వేయక తప్పదనుకుంటే, ఆ నాయకుడు కిందటిసారి ఆ ఊరికి ఏం మాటిచ్చాడో, అందులో ఎంత చేశాడో ఆ ఫొటో కిందే అచ్చు వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ధర్మవరం, శ్రీ సత్యసాయి జిల్లా