టీబీ మందులు మధ్యలో ఎందుకు ఆగుతున్నాయి?

సంపాదకులకు నమస్కారం.

టీబీ మీద వార్త ఎప్పుడు వచ్చినా ‘రోగుల నిర్లక్ష్యం, అవగాహన లోపం’ అన్న మాట తప్పకుండా కనిపిస్తుంది. ఆ మాటను ఇకనైనా పక్కన పెట్టమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం.

అవగాహన సంగతి 1963లోనే తేలిపోయింది. బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థకు చెందిన డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లాలో ఒక సామాజిక అధ్యయనం చేశారు. ఎక్స్‌రేలో జబ్బు ఛాయలు ఉన్నవారిలో దాదాపు సగంమంది అప్పటికే ఏదో ఒక ఆస్పత్రికి వెళ్లొచ్చారు. ఎక్కువమందికి దగ్గు మందు ఇచ్చి పంపేశారు. జనం ఆస్పత్రికి వెళ్లారు, ఆస్పత్రే గుర్తుపట్టలేదు.

ఇప్పుడు మన పల్లెల్లో దగ్గొస్తే ముందు ఆర్‌ఎంపీ దగ్గరికే వెళ్తారు. ఊళ్లోనే ఉంటాడు, రాత్రి పూట కూడా చూస్తాడు, అప్పు పెడతాడు. ఆయన ఇచ్చే మాత్రల్లో లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటే పెద్ద చిక్కే. అది టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది కాబట్టి జ్వరం, దగ్గు కొన్నాళ్లు తగ్గి మళ్లీ తిరగబెడతాయి. ఈలోగా అసలు జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు మొదట చేయించాల్సింది తెమడ పరీక్ష. పరీక్ష కోసం ఇచ్చే డబ్బాలో ఉమ్ము పోసి ఇస్తే టీబీ ఉన్నా లేదని రావచ్చు. తెల్లవారి లేవగానే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, గుండెల్లోంచి దగ్గి తీసిన తెమడే కావాలి. ఈ మాట చెప్పడానికి అర నిమిషం చాలు, అయినా చాలాచోట్ల డబ్బా చేతికిచ్చి ఊరుకుంటున్నారు.

మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. ఆ మందులన్నీ ఒకే మాత్రలో కలిపి ఉంటాయి: 35 నుంచి 49 కిలోల బరువున్నవారికి రోజుకు మూడు మాత్రలు, 50 నుంచి 64 కిలోలవారికి నాలుగు. పరగడుపున వేసుకోమంటారు. మిరప కోతల కాలంలో కూలీల ఆటో తెల్లవారుజామునే వచ్చేస్తుంది. ఖాళీ కడుపుతో అన్ని మాత్రలు మింగి ఆటోలో కూర్చుంటే కడుపులో తిప్పుతుంది, చేలో వాంతి అవుతుంది. పక్క మనిషి ‘ఏమైందే?’ అని అడుగుతుంది. మర్నాడు ఆమె మాత్ర వేసుకోదు. తిప్పుడు ఎక్కువగా ఉంటే కాస్త తిని వేసుకోవచ్చనీ, మానేయడంకన్నా అదే నయమనీ మొదటి రోజే చెప్పాలి. మూత్రం ఎర్రగా వస్తే అది ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ రంగేనని, భయపడొద్దని చెప్పాలి. కళ్లు పచ్చబడితే మాత్రం మాత్రలు ఆపి అదేరోజు డాక్టరుకు చూపించుకోవాలనీ చెప్పాలి.

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది మొదటి నెల దాటాక. జ్వరం పోతుంది, ఆకలి వేస్తుంది, ఒళ్లు తేలికపడుతుంది. అప్పటికి ఇంట్లో అప్పు పెరిగి ఉంటుంది, మనిషి పనిలోకి వెళ్లిపోతాడు. జబ్బుపడిన మనిషికి సమాజం పని నుంచి మినహాయింపు ఇస్తుందనీ, బదులుగా వైద్యం చేయించుకుని కోలుకునే బాధ్యత పెడుతుందనీ అమెరికా సామాజికవేత్త టాల్కట్ పార్సన్స్ 1951లో రాశాడు. జీతం, సెలవు ఉన్న ఉద్యోగికి ఆ మినహాయింపు దొరుకుతుంది. రోజుకూలీకి బాధ్యత ఒక్కటే మిగులుతుంది. టీబీ రోగుల తిండి కోసం కేంద్ర ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ కింద ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1000 రూపాయలైంది. మంచిదే, కానీ మాత్రల కోసం పీహెచ్‌సీకి వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతే ఆ డబ్బు ఎంతకని సరిపోతుంది?

తిండి గురించి గట్టి రుజువే ఉంది. జార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబ సభ్యులకు నెలనెలా మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చి చూశారు. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ ఇళ్లలో కొత్తగా ఊపిరితిత్తుల టీబీ దాదాపు సగానికి తగ్గింది. మన దగ్గర బియ్యం చౌక దుకాణంలో దొరుకుతున్నాయి, లోటల్లా పప్పుదే.

ఇక కంచం, గ్లాసు వేరు పెట్టడం. టీబీ గాలి ద్వారా వస్తుంది, కంచం వల్ల రాదు. గది కిటికీ తీసి ఉంచడం, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవడం, ఇంట్లో అందరికీ పరీక్ష చేయించడం, వీటివల్లే ప్రయోజనం. కొత్త కోడలికి కంచం వేరు పెట్టారంటే తర్వాత ఆమెను పుట్టింటికి పంపేస్తారు. అందుకే చాలామంది ఆడవాళ్లు మాత్రల అట్టను బియ్యం డబ్బాలో దాచుకుంటున్నారు. ఇల్లు ఖాళీగా లేని రోజు డోసు పోతుంది.

అధికారులను మేం కోరేవి చిన్నవే. కోతల కాలంలో వారానికి రెండు సాయంత్రాలైనా పీహెచ్‌సీలో మాత్రలు ఇవ్వండి. వలస వెళ్లేవారికి నిక్షయ్ నంబరు (టీబీ రోగిగా ప్రభుత్వం దగ్గర నమోదైన నంబరు) రాసిన చీటీతోపాటు నెలకు సరిపడా మాత్రలు చేతికివ్వండి. ఆ నంబరుతో వెళ్లినచోట సర్కారు ఆస్పత్రిలో వైద్యం కొనసాగించుకోవచ్చని వాళ్లకు చెప్పండి. డోసు తప్పిన ప్రతిసారీ కారణం అడిగి రిజిస్టరులో రాయండి: వాంతులా, కూలి పనా, మాత్రల కొరతా, ఇంట్లో గొడవా? మీ విలేకరులు కూడా ఈసారి టీబీ వార్త రాసేముందు ఆ రిజిస్టరు చూపించమని అడగాలని మా విన్నపం.

— క్షయ నివారణలో పనిచేస్తున్న ఆరోగ్య కార్యకర్తలు, పల్నాడు జిల్లా