ముఖం దాస్తే సరిపోదు

సంపాదకులకు,

వైద్యులు సోషల్ మీడియాలోకి రావాలి. టీకాల మీద, షుగర్ మందుల మీద తిరిగే అబద్ధాలకు జవాబు చెప్పాల్సింది వాళ్లే. కానీ కొందరు పెడుతున్న రీల్స్ చూస్తే భయమేస్తోంది. ఆపరేషన్ టేబుల్ మీద మత్తులో ఉన్న మనిషి, వెనక సినిమా పాట! ముఖం కనపడకుండా చేశాం కదా అంటారు. చేతి మీది పచ్చబొట్టు కనిపిస్తూనే ఉంటుంది. ఎక్స్-రే మూలన పేరు, వయసు, తేదీ అలాగే ఉంటాయి. తెలిసినవాళ్లు గుర్తుపట్టడానికి ఇంకేం కావాలి?

అనుమతి తీసుకున్నామనే మాట కూడా నాకు మింగుడుపడదు. ఆపరేషన్ ముందు టెన్షన్‌లో ఉన్న రోగి, తన ప్రాణం ఎవరి చేతిలో ఉందో వాళ్లకే వద్దని ఎలా చెప్పగలడు?

రోగి చనిపోయాక కూడా అతని రహస్యాలు కాపాడాలని వైద్యుల ప్రతిజ్ఞ అయిన జెనీవా ప్రకటన చెబుతోంది. సోషల్ మీడియాలోనూ గోప్యత పాటించాలని ప్రపంచ వైద్య సంఘం 2011లోనే సూచించింది. అనుమతి అడగాల్సింది రోగి కోలుకుని ఇంటికి వెళ్లాక, అదీ చికిత్సతో సంబంధం లేని వ్యక్తి. పోస్టు చేసే ముందు రోగికి ఆ వీడియో చూపించాలి. ఎప్పుడు తీసేయమన్నా తీసేయాలి. ఆసుపత్రులు ఈ నియమం వెంటనే పెట్టాలి.

— ఒక పాఠకురాలు