మస్కట్ ప్యాకేజీలో తప్పుల తడక కార్యక్రమం, అదనపు వసూలుపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

గురువారం బయల్దేరి ఆదివారం తిరిగొచ్చే మీ మూడు రాత్రుల మస్కట్ ప్యాకేజీ గురించి మా బృందం తరఫున రాస్తున్నాం. విమానం, భోజనాలతో మాకు పేచీ లేదు. పేచీ అంతా మీరు అచ్చువేసి ఇచ్చిన కార్యక్రమంతోనే. ఆ ఊరు ఏ వేళకు తెరుచుకుంటుందో, ఏ వేళకు మూసుకుంటుందో చూడకుండా వేసిన ప్లాన్ అది.

సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదును శుక్రవారం ఉదయం 10 గంటలకు పెట్టారు. ముస్లిమేతరులను అక్కడ శనివారం నుంచి గురువారం వరకు, అదీ ఉదయం 8 నుంచి 11 లోపే రానిస్తారు. శుక్రవారం అసలు రానివ్వరు. గేటు దాకా వెళ్లి బస్సు వెనక్కి తిరిగింది. శనివారానికి మార్చారు సరే, ఆ రోజు హోటల్ నుంచి బస్సు కదిలిందే 10 దాటాక. ఆడవాళ్లు తల, మణికట్టు దాకా చేతులు, చీలమండల దాకా కాళ్లు కప్పుకోవాలనీ, మగవాళ్లు నిక్కర్లతో రాకూడదనీ మీ సూచనల కాగితంలో ఒక్క ముక్క లేదు. అబాయాలు (ఒళ్లంతా కప్పే వదులు అంగీలు) అద్దెకు తీసుకునే వరుసలోనే కొందరికి వేళ మించిపోయింది. 70 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు ఉన్న ఆ తివాచీ, దాని మీద వేలాడే 14 మీటర్ల షాండ్లియర్ చూపిస్తామనే కదా బ్రోషర్ అట్ట మీద బొమ్మ వేసుకున్నారు!

మత్రా సూక్ (పాత బజారు) సంగతీ అంతే. మధ్యాహ్నం 2 గంటలకు 'షాపింగ్' అన్నారు. ఒంటిగంట ప్రాంతంలో షట్టర్లు దించితే మళ్లీ సాయంత్రం నాలుగైదు గంటలకే తీస్తారు. ధోఫార్ ప్రాంతపు లుబాన్ (సాంబ్రాణి లాంటి ధూపపు జిగురు) కొనేవాళ్లు గడ్డలను వెలుతురుకి ఎత్తి చూసి, ఆకుపచ్చ ఛాయ ఉన్నవి వేరు, గోధుమరంగువి వేరు బేరమాడతారు. మూసిన షట్టర్ల ముందు ఆ బేరం ఎవరితో ఆడాలి?

'కార్నిష్ పక్కనే', అంటే మత్రా సముద్రపు ఒడ్డు రోడ్డు పక్కనే అన్న హోటల్ అల్ ఖువైర్‌లో ఇచ్చారు. అక్కడి నుంచి మత్రాకు 15 కిలోమీటర్ల పైమాటే. కొండలకూ సముద్రానికీ మధ్య సన్నగా సాగిన ఊరు కాబట్టి మస్కట్‌లో హోటల్ ఎక్కడన్నదే సగం ప్రయాణం. విమానాశ్రయం, మసీదు పడమటి వైపు. మత్రా, పాత మస్కట్ తూర్పు కొసన పక్కపక్కన. గురువారం, శుక్రవారం సాయంత్రాలు సూక్‌కి, శుక్రవారం ఉదయం పాత మస్కట్‌కి, శనివారం 8 గంటలకు మసీదుకి కేటాయిస్తే ఏ గొడవా ఉండేది కాదు.

పాత మస్కట్‌లోని అల్ ఆలం ప్యాలెస్, జలాలీ, మిరానీ కోటల 'లోపలి సందర్శన' అని బ్రోషర్‌లో ఉంది. డ్రైవర్‌కు మీరిచ్చిన వోచర్‌లో మాత్రం 'ఫొటో స్టాప్'. ప్యాలెస్ లోపలికి సందర్శకులను పంపరు, బయటి గేటు దగ్గరే ఆగాలి. అది తెలిసే రెండు కాగితాల్లో రెండు రకాలుగా రాశారా?

ఇక డబ్బు. ఒమన్ రియాల్‌కు 1000 బైసాలు, అందుకే అక్కడి బిల్లుల్లో చుక్క తర్వాత మూడు అంకెలుంటాయి. అబాయాల అద్దె రసీదు మీద 4.500 అని ఉంది, అంటే నాలుగున్నర రియాళ్లు. మీ అదనపు ఖర్చుల పట్టీలో అది 45.00 అయి కూర్చుంది. రసీదు, పట్టీ రెండింటి నకళ్లూ జత చేశాం.

ఎక్కువ వసూలు చేసిన నలభైన్నర రియాళ్లు, హోటల్ మార్పుకు ధరలో తేడా, జరగని కోటల సందర్శన రుసుము ఈ లేఖ అందిన 15 రోజుల్లో తిరిగి చెల్లించండి. కొత్తగా బుక్ చేసుకుంటున్న వాళ్లకు ఇస్తున్న కార్యక్రమాన్ని వెంటనే సరిదిద్దండి. గడువులోగా రాతపూర్వక జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాం.

ఇట్లు,
మస్కట్ యాత్ర బృంద సభ్యులు

జతపరిచినవి: బ్రోషర్, వోచర్, అద్దె రసీదు, అదనపు ఖర్చుల పట్టీ నకళ్లు