బడి ఆరోగ్య కార్డులో ఆ ఒక్క గడి

సంపాదకుడికి,

పిల్లల మానసిక ఆరోగ్యం పత్రికల్లోకి వచ్చేది ఇంటర్ ఫలితాల రోజుల్లోనే. ప్రాణం మీదికి రాని దిగులు ఎవరికీ పట్టదు. ఒంట్లో అది చేసే పని మాత్రం చాలాకాలం సాగుతుంది.

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన 1,037 మందిని పరిశోధకులు నేటికీ పరీక్షిస్తూ వస్తున్నారు. చిన్నప్పుడు దెబ్బలు, ఛీత్కారాలు పడ్డవారి రక్తంలో 32వ ఏట ఒంట్లోపలి వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రొటీన్ ఎక్కువగా కనిపించింది. చిన్న వయసులోనే ఆందోళన, దిగులు మొదలైనవారి శరీరం 45 ఏళ్లకు తోటివారికంటే ఎక్కువ ముదిరింది. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పొద్దున పెరిగి రాత్రికి తగ్గాలి. రోజూ భయపడుతూ బతికే పిల్లల్లో ఆ లయ చెదిరి నిద్ర పాడవుతుంది. అదే ఏళ్లతరబడి సాగితే బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు తోడవుతాయి. అందరికీ ఇలాగే జరగాలని లేదు. ముప్పు మాత్రం పెరుగుతుంది.

మన దగ్గర దీన్ని పట్టుకునే ఏర్పాటు లేకపోలేదు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసేందుకు 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏడాదికోసారి ప్రభుత్వ బడికి రావాలి. 10 ఏళ్లు దాటినవారి కార్డులో దిగులు గురించి అడిగే గడి కూడా ఉంది. చిక్కంతా అడిగే తీరులోనే. బరువు, కళ్లు, పళ్లు చూసే వరుసలోనే, వెనక పదిమంది నిలబడి ఉండగా, టీచర్ పక్కనుండగా "దిగులుగా ఉంటుందా?" అంటే ఏ పిల్ల అవునంటుంది? "లేదు" అని టిక్కు పడుతుంది.

పిల్లలు దిగులని చెప్పరు, కడుపునొప్పి అంటారు. నొప్పి బొడ్డు చుట్టూ ఉంటుంది, ఆదివారం రాదు, సోమవారం బస్సు వేళకు వస్తుంది. స్కానింగ్ మామూలుగానే ఉంటుంది. నులిపురుగుల మాత్ర, గ్యాస్ మాత్ర ఇచ్చి పంపేస్తారు. నిద్రలోంచి లేపే నొప్పి, బరువు తగ్గడం, మలంలో రక్తం ఉంటే వేరే జబ్బు వెతకాల్సిందే. అవేవీ లేకపోతే అడగాల్సినవి నాలుగే: రాత్రి నిద్ర పడుతోందా? బడికి రావాలంటే భయమా? ఆటలు మానేశావా? ఇంట్లోగానీ బడిలోగానీ ఎవరైనా కొడుతున్నారా? విడిగా కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి అడగాలి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు చాలు. రెండు వారాలుగా ఇలాగే ఉందంటే ఈ బృందాలు పంపే పిల్లలను చూసే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రాసి పంపాలి.

ప్రైవేటు కాలేజీల సంగతి వేరు. విశాఖలో నీట్ కోచింగ్ విద్యార్థిని మృతి కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ ఉన్న కౌన్సెలర్ ఉండాలంది, వీలైనంతవరకు మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టొద్దంది. వార్డెన్‌కే కౌన్సెలర్ అని బోర్డు తగిలిస్తే లెక్క సరిపోతుందేమో గానీ, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్‌లో కూర్చోబెట్టే మనిషి దగ్గరే "నిద్ర రావట్లేదు సార్" అని ఎవరూ చెప్పుకోరు. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తనిఖీకి వెళ్లే అధికారులు కౌన్సెలర్ నియామక పత్రంతోపాటు హాస్టల్ టైంటేబుల్ కూడా అడిగి చూడాలి.

ఈలోగా రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఖర్చులేని పని ఒకటి చేయొచ్చు. ప్రతి పిల్లల ఆరోగ్య కార్డు వెనక మానసిక సమస్యలకు ఫోన్‌లో ఉచితంగా సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీమానస్ నంబరు 14416 తెలుగులో అచ్చు వేయించండి.

– ఒక పిల్లల వైద్యురాలు, కర్నూలు